ఊరి పటంపై నీటి లెక్క
రైతులే గీసి, రైతులే కొలిచే ప్రణాళికతో భూగర్భ జలాలకు రక్షణ

నల్గొండ: పక్క పొలంలో నీళ్లు పడ్డాయన్న ఆశతో అప్పు చేసి బోరు వేయించడం నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంత రైతులకు కొత్త కాదు. కొత్త బోరు ఎండిపోవడం, దానితోపాటు పాత బోరు కూడా తగ్గిపోవడం అంతకంటే కొత్త కాదు. భూమి కింది నీరు కంటికి కనపడకపోవడమే ఈ నష్టానికి మూలం. ఆ నీటిని ఊరందరి కళ్లకు కట్టే సాధనం పటం. నేలపై ముగ్గుతో గీసిన పటం మొదలుకొని కంప్యూటర్, సెల్‌ఫోన్ తెరలపై పొరలు పొరలుగా తెరిచి చూడగలిగే పటం వరకు నేడు గ్రామాలకు అందుబాటులో ఉన్నాయి.

గట్లు ఎరుగని నీరు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అధిక భాగం గ్రానైట్, నైస్ శిలల నేల. ఇటువంటి నేలలో పైనున్న శిథిల పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఆ పగుళ్లు సర్వే నంబర్లను, పొలం గట్లను ఎరుగవు. ఒకరి మోటారు తోడేది పొరుగువారి నేల కింది నీరే కావచ్చు. నీటి మట్టం పడిపోతే తాగునీటికీ కష్టమే. మర్రిగూడ, మునుగోడు తదితర మండలాల్లో ఫ్లోరైడ్ కలిసిన బోరు నీరు తాగి ఎందరో ఎముకల వ్యాధి పాలైన చరిత్ర ఈ జిల్లాకు ఉంది. అందువల్ల బోరు ఎక్కడ వేయాలన్నది, ఏ పంట వేయాలన్నది ఒక్క రైతు సొంత వ్యవహారంగా మిగలదు.

ఏడు జిల్లాల అనుభవం

ఈ సత్యాన్ని ఆచరణలో పెట్టిన ప్రయోగం 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థల నిర్వహణ దాని లక్ష్యం. నెదర్లాండ్స్ ఆర్థిక సాయంతో, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లోని ఆరు వందలకు పైగా ఆవాసాల్లో ఇది అమలైంది. ఊరి సరిహద్దును కాక వాగు పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకున్నారు. ఒకే వాగుకు నీరిచ్చే గ్రామాలన్నీ ఒకే పటంపైకి వచ్చాయి.

రైతులే వర్షమాపకాల్లో వాన కొలిచారు. ఎంపిక చేసిన బావుల్లో నీటి మట్టాన్ని పదిహేను రోజులకొకసారి నమోదు చేశారు. ఆ అంకెలను ఊరిలో అందరికీ కనపడేలా బోర్డులపై రాశారు. రబీకి ముందు సమావేశమై ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్కగట్టారు. ఏ పంటనూ నిషేధించలేదు. లోటు కనపడినప్పుడు చాలామంది రైతులు తమంతట తామే పంట మార్చుకున్నారు. బలవంతం లేకుండా నీటి వాడకం తగ్గిన ఈ అనుభవాన్ని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ప్రత్యేకంగా ప్రస్తావించింది.

లెక్క ఇలా

ఎకరం నేలపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 40 వేల లీటర్ల నీరు. అందులో కొంత పారిపోతుంది, కొంత ఆవిరవుతుంది, మిగిలిన కొద్ది భాగమే ఇంకుతుంది. వరికి స్థూలంగా 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు. వేరుశనగకు 500 మిల్లీమీటర్లనుకుంటే 20 లక్షల లీటర్లు. అంటే ఎకరం వరికి పారే నీటితో రెండెకరాలకు మించి ఆరుతడి పంట పండుతుంది. ఈ తేడాను పటంపై రంగులతో చూపితే చదువురాని వారికీ అర్థమవుతుంది.

తెరపై పొరలు

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రూపొందించిన 'భువన్' పటాలను ఇస్రో 2009లో ప్రారంభించింది. ఇందులో ఉపగ్రహ చిత్రంపై వాగులు, చెరువులు, భూ వినియోగం వంటి పొరలను ఒకదానిపై ఒకటి పరిచి చూడవచ్చు. ఉపాధి హామీ పనులను పంచాయతీ స్థాయిలో పటంపైనే ప్రణాళిక చేసేందుకు 2021 ఆగస్టులో 'యుక్తధార' వచ్చింది. వాలు ఎటుందో, వాగు ఎక్కడ మలుపు తిరుగుతుందో తెరపై చూసి గుట్ట మీద కందకాలు, దిగువన ఊటకుంటలు, వాగుపై చెక్‌డ్యాంలు గుర్తించవచ్చు. ఒక పని స్థలం మారిస్తే ఏ చెరువుకు నీరు తగ్గుతుందో పని మొదలు కాకముందే చర్చించవచ్చు.

ఉపగ్రహానికి కనపడనివి

అయితే ఆకాశం నుంచి అన్నీ కనపడవు. ఏ బోరు ఎంత లోతు, ఏ కట్టుకాలువ ఎక్కడ పూడింది, ఏ చేతిపంపు నీరు తాగడానికి పనికిరాదు అన్నవి ఊరివారికే తెలుసు. అందువల్ల ముందు గ్రామ కూడలిలో ముగ్గుతో పటం గీయాలి. నీళ్లు మోసే మహిళలు, భూమిలేని కూలీలు, కౌలుదారులు, చెరువు చివరి ఆయకట్టు రైతులు అందులో పాల్గొనాలి. తరువాతనే దానిని తెరపైకి ఎక్కించాలి. సెల్‌ఫోన్ పట్టుకున్న నలుగురే పటం తయారుచేస్తే పనులన్నీ ఆ నలుగురి పొలాల దగ్గరే తేలతాయి. చెరువు శిఖం భూమి ఆక్రమణలో ఉంటే అది పటంపై కనపడాలి. దానిని సభలో అందరి ముందు చదవాలి.

పటం ఒకసారి గీసి గోడకు తగిలించేది కాదు. ప్రతి పంటకాలానికి ముందు కొత్త కొలతలతో దిద్దుకోవలసిన లెక్క. వర్షమాపకం, నీటి మట్టం కొలిచే టేపు, ఒక పుస్తకం, కొలిచే ఇద్దరు యువకులు ఉంటే ఏ ఊరైనా ఈ పని ప్రారంభించవచ్చు. ఎండిపోయే బోరుకు చేసే అప్పుతో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పం.