పింగాణీకి పుచ్చు పట్టదు, పంటికి పడుతుంది: వెనీర్లు అమర్చుకున్నవారు తెలుసుకోవలసినవి

ముందు పళ్ల రంగు మారినా, అంచులు విరిగినా, పళ్ల మధ్య సందులు ఉన్నా ఆ లోపాలను సరిచేసేందుకు దంత వైద్యులు పంటి ముందు భాగంపై పలుచని పింగాణీ పెంకులను అతికిస్తారు. వీటినే పోర్సెలిన్ వెనీర్లు అంటారు. వీటి మందం సాధారణంగా అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. శ్రద్ధగా చూసుకుంటే పది నుంచి పదిహేనేళ్లు, కొందరిలో అంతకు మించి మన్నుతాయి. అయితే పింగాణీకి పుచ్చు పట్టదన్న ధీమాతో అశ్రద్ధ చేస్తే అసలుకే మోసం వస్తుంది.

అతుకులోనే బలం

1930వ దశకంలో హాలీవుడ్ దంత వైద్యుడు చార్లెస్ పింకస్ సినీ నటుల కోసం ఇలాంటి తొడుగులను తయారుచేశారు. అప్పట్లో అవి చిత్రీకరణ ముగియగానే తీసివేసే తాత్కాలిక అలంకారాలు మాత్రమే. ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకుగా మారిస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని 1955లో మైఖేల్ బ్యూనోకోర్ నిరూపించారు. పింగాణీ లోపలి వైపును కూడా అదే రీతిలో గరుకుచేసి అతికించే విధానం 1980వ దశకంలో వాడుకలోకి వచ్చింది.

అంటే వెనీరు నిలిచేది ఆ అతుకు బలంతోనే. వెనీరుకు, పంటికి మధ్య ఉండే సన్నని అంచు వద్ద పాచి పేరుకుంటే అడుగున ఉన్న సహజ దంతానికి పుచ్చు పడుతుంది, చిగుళ్లు వాస్తాయి. వెనీరు అమర్చేందుకు సాధారణంగా ఎనామిల్‌ను కొంత అరగదీస్తారు. అలా పోయిన ఎనామిల్ తిరిగి పెరగదు. కనుక ఒకసారి వెనీరు పెట్టించుకున్న పంటికి జీవితాంతం ఏదో ఒక కప్పు అవసరమవుతుంది.

శుభ్రతలో మెలకువలు

మెత్తని బ్రష్‌తో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా చిగురు అంచు వెంబడి మృదువుగా తోముకోవాలి. బొగ్గుపొడి, ఉప్పు, గరుకైన పళ్లపొడులు పింగాణీపై ఉన్న నునుపును, మెరుపును పోగొడతాయి. గరుకైన చోట పాచి త్వరగా చేరుతుంది. పళ్ల సందులను రోజూ ఫ్లాస్‌తో శుభ్రం చేసుకోవాలి.

కొరికేటప్పుడు జాగ్రత్త

పింగాణీ గట్టిదే కానీ పెళుసు. వక్కలు, చెరకు గడ, ఎముకలు, మంచుగడ్డలు, గట్టి పల్లీ పట్టీ వంటివాటిని ముందు పళ్లతో కొరకరాదు. గోళ్లు కొరకడం, సీసా మూతలు తీయడం, దారం తెంపడం వంటి అలవాట్లు మానుకోవాలి. జామ, యాపిల్ వంటి పండ్లను ముక్కలుగా కోసుకొని తినడం మేలు. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవారు ఆ విషయాన్ని వైద్యునికి ముందే చెప్పి, రాత్రివేళ నైట్ గార్డ్ ధరించాలి.

మరకల మాటేమిటి?

టీ, కాఫీ, పసుపు మరకలు పింగాణీకి అంత సులభంగా అంటవు. అయితే అంచున ఉన్న రెసిన్ కాలక్రమంలో రంగు మారవచ్చు. గుట్కా, జర్దా, ధూమపానం వల్ల మరకలతో పాటు చిగుళ్లూ దెబ్బతింటాయి. చిగురు కిందికి జారితే వెనీరు అంచు బయటపడుతుంది. తెల్లబరిచే చికిత్సలు సహజ దంతాలపై పనిచేస్తాయే తప్ప పింగాణీ రంగును మార్చలేవు. అందుకే తెల్లబరచుకోదలచినవారు వెనీర్లకు ముందే ఆ పని పూర్తిచేసుకోవాలి.

వైద్యునికి చెప్పవలసినవి

ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. గార తీయించుకునేటప్పుడు తమకు వెనీర్లు ఉన్నట్లు తప్పక చెప్పాలి. స్కేలింగ్ పరికరం అంచుకు బలంగా తగిలితే పింగాణీ పెచ్చు ఊడవచ్చు. ఆమ్ల గుణం ఉన్న ఫ్లోరైడ్ జెల్ పింగాణీ నునుపును దెబ్బతీస్తుంది కనుక వైద్యులు తటస్థ ఫ్లోరైడ్‌ను ఎంచుకుంటారు.

చల్లనివి తగిలితే జివ్వుమనడం, అంచున నల్లని గీత కనిపించడం, చిగుళ్ల నుంచి రక్తం రావడం, వెనీరు కదలడం వంటి లక్షణాలు కనిపిస్తే జాప్యం చేయరాదు. వెనీరు ఊడివస్తే పారవేయకుండా చిన్న డబ్బాలో భద్రపరచి వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. విరగకుండా ఉంటే, కొన్ని సందర్భాల్లో దాన్నే తిరిగి అతికించే వీలుంటుంది. ఇంట్లో ఉన్న జిగురుతో అతికించుకునే ప్రయత్నం మాత్రం చేయరాదు. అది పంటికి, చిగురుకు హాని చేయడమే కాక, మళ్లీ సరిగా అమర్చే అవకాశాన్నీ పోగొడుతుంది.