విత్తనం కల్తీ: డీఎన్‌ఏ చెప్పేదీ, చెప్పనిదీ

మిరప పూత రాలినా, పత్తి చేలో పది మొక్కలు తేడాగా కనిపించినా ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా వినబడే మాట ఒకటే: "విత్తనం కల్తీది." వెంటనే ఇంకొకటి: "డీఎన్‌ఏ పరీక్షకు పంపితే అంతా తేలుతుంది." రెండింటిలోనూ నిజం కొంతే.

అపోహ: డీఎన్‌ఏ పరీక్షతో విత్తనం మంచిచెడులన్నీ తెలుస్తాయి.

వాస్తవం: అడిగిన ప్రశ్నకే అది జవాబిస్తుంది. మొలక శాతం కావాలంటే గింజలు మొలకెత్తించి లెక్కపెట్టాల్సిందే. డీఎన్‌ఏ గట్టిగా చెప్పగలిగేది హైబ్రిడ్ స్వచ్ఛత. లేత ఆకు ముక్కలోంచి డీఎన్‌ఏ తీసి, ఎంచుకున్న భాగాన్ని పీసీఆర్‌తో కోట్ల నకళ్లు చేసి జెల్ మీద నడిపిస్తారు. తల్లి రకానికి ఒకచోట గీత పడుతుంది, తండ్రి రకానికి మరోచోట. అసలైన హైబ్రిడ్‌కు రెండు గీతలూ ఉంటాయి. తల్లి గీత ఒక్కటే ఉందంటే, మొగ్గలో కేసరాలు సరిగా తీయక తల్లి మొక్క సొంత పుప్పొడితోనే గింజ కట్టిందన్నమాట. ఒక్క ఆకు చాలదు, చాలా మొక్కల్ని విడివిడిగా చూస్తేనే శాతం వస్తుంది. పొలంలో నాటి తేడా మొక్కల్ని లెక్కించడానికి నెలలు పడితే దీనికి రోజులు చాలు.

అపోహ: బీటీ పత్తి ప్యాకెట్‌లో బీటీ కాని గింజ ఉంటే మోసమే.

వాస్తవం: 475 గ్రాముల ప్యాకెట్‌లో 5–10 శాతం నాన్ బీటీ గింజలు కావాలనే కలుపుతారు, పురుగు త్వరగా బీటీకి అలవాటు పడకుండా. ఒకప్పుడు 120 గ్రాముల పొట్లం విడిగా ఇచ్చేవారు. దాన్ని విత్తినవాళ్లు తక్కువ.

అపోహ: పరీక్ష స్ట్రిప్ మీద బీటీ గీత పడితే సక్రమమైన విత్తనమే.

వాస్తవం: ఆ స్ట్రిప్ వెతికేది బీటీ ప్రొటీన్‌ను మాత్రమే. 'బీజీ-3' పేరిట చాటుగా అమ్మే, కలుపుమందు తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేదు. అందులోనూ బీటీ ఉండొచ్చు. గ్లైఫోసేట్ అనే ఆ కలుపుమందును తట్టుకునే జన్యువు కోసం వేరే పరీక్ష చేయించాలి.

అపోహ: ఆకు ముడిచినా, పూత రాలినా తప్పు విత్తనానిదే.

వాస్తవం: 2021–22లో మిరపను తుడిచిపెట్టింది నల్ల తామర పురుగు. ఆకు ముడిచే జెమినీ వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. వీటికి విత్తన కంపెనీని నిలదీస్తే కేసు నిలవదు.

నిలిచే కేసు కావాలంటే బిల్లు, లాట్ నంబరున్న ప్యాకెట్, అందులో గుప్పెడు గింజలు పంట చేతికొచ్చేదాకా దాచండి.