120 మైక్రాన్లంటే ఎంత? సంచి మందంలో దశాంశ చుక్క తిరకాసు

పుదుచ్చేరిలోని కోసపాళయంలో కూరగాయలు అమ్మేవారికైనా, అదే కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు పట్టణం యానాంలో కిరాణా కొట్టు నడిపేవారికైనా ప్లాస్టిక్ చేతిసంచుల విషయంలో కేంద్రం విధించిన కనీస మందం ఒక్కటే: 120 మైక్రాన్లు. ఇది 2022 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. స్థానిక ప్రభుత్వాలు ఇంతకన్నా కఠినమైన ఆంక్షలు కూడా పెట్టవచ్చు.

ఈ హద్దు ఒక్కసారిగా ఇక్కడికి చేరలేదు. 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75గా పెరుగుతూ వచ్చింది. పలుచని సంచి ఒక్క వాడకానికే చిరిగిపోతుంది. గాలికి ఎగిరి కాల్వల్లో పడుతుంది. బరువు తూగదు కాబట్టి చెత్త ఏరుకునేవారికీ గిట్టుబాటు కాదు. మందంగా ఉంటే మళ్లీ వాడుకోవచ్చు, ఏరితే నాలుగు డబ్బులూ వస్తాయి.

అయితే ఈ మైక్రాన్ ఎంత? మిల్లీమీటరులో వెయ్యో వంతు. దీని అధికారిక పేరు మైక్రోమీటరు. మైక్రోమీటరులో వెయ్యో వంతు నానోమీటరు. ఒక్కో మెట్టు దిగితే వెయ్యితో గుణించాలి, ఎక్కితే వెయ్యితో భాగించాలి. ఆ లెక్కన 120 మైక్రాన్లు అంటే 0.12 మిల్లీమీటర్లు, లేదా 1,20,000 నానోమీటర్లు. దశాంశ చుక్క ఒక్క స్థానం జరిగి 0.012 అయితే మిగిలేది 12 మైక్రాన్లే.

అసలు చిక్కు మరోచోట ఉంది. ప్లాస్టిక్ వ్యాపారంలో మందాన్ని ‘గేజి’లో చెప్పే అలవాటు ఇంకా పోలేదు. 100 గేజి అంటే సుమారు 25 మైక్రాన్లు. కాబట్టి ‘120 గేజి సంచి’ మందం 30 మైక్రాన్లే, హద్దులో నాలుగో వంతు. 120 మైక్రాన్లు కావాలంటే గేజి లెక్కలో దాదాపు 470 ఉండాలి. అంకె ఒకటే అయినా ప్రమాణం వేరైతే సరుకే వేరు.

సంచిపై తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్యతో పాటు మందం కూడా ముద్రించాలని నిబంధన. ఆ అంకెపై అనుమానం వస్తే పిల్లల స్కేలుతోనే ఒక అంచనాకు రావచ్చు. పది సంచులను మడత లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చి గట్టిగా అదిమి పట్టాలి. ఒక్కో సంచికి రెండు పొరల చొప్పున మొత్తం 20 పొరలు. ఒక్కో పొర 0.12 మిల్లీమీటర్లయితే దొంతర ఎత్తు 2.4 మిల్లీమీటర్లు రావాలి. 1.2 మాత్రమే వస్తే పొర మందం 60 మైక్రాన్లన్నమాట. పొరల మధ్య చిక్కిన గాలి ఎత్తును పెంచుతుందే తప్ప తగ్గించదు. అందుకే ఎత్తు సరిపోయినంత మాత్రాన సంచి మంచిదని చెప్పలేం కానీ, బాగా తక్కువ వస్తే మాత్రం అది పలుచని సంచే. కచ్చితమైన కొలతకు స్క్రూ గేజి వాడాల్సిందే.