ఒక మిల్లీమీటరు, ఆరు పౌండ్లు

పదహారు మిల్లీమీటర్ల మందమున్న విల్లు బద్దను ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒక్క మిల్లీమీటరు చిత్రిక పట్టారనుకోండి. పోయింది పదహారో వంతు చెక్కే. కానీ 36 పౌండ్లు లాగాల్సిన విల్లు 30 పౌండ్లకు దిగిపోతుంది. చెక్క బద్ద వంగడానికి ఎంత మొరాయిస్తుందనేది దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. పదో వంతు తగ్గిస్తే 27 శాతం పోతుంది. వెడల్పుది ఇంత పేచీ లేదు, సగం చేస్తే బిగువూ సగమే. సొంతంగా విల్లు చేసుకోవాలనుకునేవాళ్లు గొడ్డలి పట్టకముందే ఈ లెక్క తెలుసుకోవాలి. మొదటి విల్లు చాలామందికి ఇక్కడే చెడుతుంది.

విల్లు బిగువును ప్రపంచమంతా పౌండ్లలోనే చెప్పుకుంటారు. పౌండంటే 454 గ్రాములు. 30 పౌండ్ల విల్లును పూర్తిగా లాగి పట్టుకుంటే మూడు వేళ్ల మీద దాదాపు 13.6 కిలోలు పడతాయి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచిన కాంపౌండ్ విల్లుకు కప్పీలుంటాయి. తాడు చివరిదాకా వచ్చేసరికి బరువులో ఎక్కువ భాగం అవే మోస్తాయి. చెక్క విల్లులో ఆ సౌకర్యం లేదు, లాగేకొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది. 1545లో మునిగితే 1982లో పైకి తీసిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో 172 విల్లులు దొరికాయి. అవి 100 నుంచి 185 పౌండ్ల దాకా లాగేవని అంచనా. చిన్నప్పటి నుంచి సాధన చేసిన సైనికుల విల్లులవి. కొత్తవాళ్లకు 25 నుంచి 35 పౌండ్లు చాలు. అంతకు మించితే ముందు భుజం పోతుంది, తర్వాత సరదా పోతుంది.

కొలత మీ ఒంటి నుంచే మొదలవుతుంది. రెండు చేతులూ బార్లా చాపి ఈ వేలికొన నుంచి ఆ వేలికొన దాకా కొలిచి 2.5తో భాగించండి. బార 168 సెంటీమీటర్లుంటే 67 వస్తుంది. మీరు తాడు లాగగలిగే దూరం అదే. దానికి రెట్టింపు 134. వంగని పిడి భాగానికి ఇరవై, చెక్క మీద ఒత్తిడి తగ్గడానికి మరో పదిహేను కలిపితే దాదాపు 170 సెంటీమీటర్లు. అంటే విల్లు దాదాపు మీ ఎత్తుంటుంది. పొట్టిగా చేస్తే బాణం వేగంగా పోతుందన్న మాట కొంత నిజమే. అయితే అది విరగని విల్లుకు వర్తించే మాట. మొదటిది పొడుగ్గానే ఉండనివ్వండి.

ఇక కర్ర. హిందూపురం దగ్గరి చిలమత్తూరు చుట్టుపక్కల అసలు చిక్కు ఇదే. ఇంగ్లండువాళ్ల యూ చెట్టు ఈ పీఠభూమిలో పెరగదు. నల్లతుమ్మ గట్టిదే, బండి చక్రాలకూ నాగళ్లకూ వాడిందే. సర్కారు తుమ్మకు కొదవే లేదు. కానీ 170 సెంటీమీటర్ల పొడవున వంకరా ముడీ లేని ముక్క వాటిలో దొరకడం అరుదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద చెట్టు నిటారుగా ఎదగడం కంటే కొమ్మలేసి బతకడమే చూసుకుంటుంది. కాబట్టి రెండు దారులున్నాయి. ఒకటి, హిందూపురం లాంటి పట్టణంలోని కోత మిల్లులో ఏరి తెచ్చుకున్న టేకు బద్ద. రెండు, మందమైన గోడ ఉన్న వెదురు.

టేకు కొనేటప్పుడు ధర కంటే గీతలను చూడాలి. చెక్క మీది పోగుల గీతలు ఒక కొన నుంచి మరో కొన దాకా సాగాలి. మధ్యలోనే పక్క అంచు దాటి బయటికి పోతున్నాయా, ఆ బద్ద వద్దు. వంచినప్పుడు సరిగ్గా అక్కడే లేస్తుంది. మిల్లులో పది బద్దలు తిరగేస్తే ఒకటి నచ్చవచ్చు. దుకాణదారుడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వెదురుకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే కోయకుండా చీల్చవచ్చు, చీలిక పోగు వెంటే పోతుంది. వెదురు బలమంతా పైతోలు దగ్గరే దట్టంగా ఉంటుంది. అందుకే ఆ వైపును విల్లుకు వీపుగా, అంటే గురి వైపుకు ఉంచి, దాన్ని గీరకుండా వదిలేయాలి. కణుపులను నున్నగా చెక్కబోకండి, ఉబ్బు ఉబ్బుగానే ఉండాలి. చెక్కడమంతా లోపలి వైపే, మీ ముఖం వైపున్న పొట్ట మీదే. జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ పేరుతో ఇప్పటికీ వెదురు విల్లులతో ఆడే విభాగం ఉంది కాబట్టి వెదురును చిన్నచూపు చూడక్కర్లేదు.

టేకుకు కొలతలివి: పిడి దగ్గర వెడల్పు 40 మిల్లీమీటర్లు, కొనల దగ్గర 12. మందం పిడి పక్కన 16, కొనలవైపు పోయేకొద్దీ కాస్త కాస్తగా తగ్గాలి. ఇంగ్లీషు విల్లులాగా వెడల్పు తక్కువగా, మందంగా చేయాలని ఆశపడకండి. యూ చెట్టులో సాగే లేతచెక్కా, నలిగినా తట్టుకునే చేవా ఒకే దుంగలో పక్కపక్కనే ఉంటాయి. మన చెక్కకు ఆ వరం లేదు గనుక వెడల్పుగా, పల్చగా చేయడమే మంచిది.

ఎండబెట్టడంలో ఈ ప్రాంతం లెక్క తలకిందులు. వాన దేశాల్లో చెక్క ఆరక ఇబ్బంది పడతారు, ఇక్కడ అతిగా ఆరిపోతుంది. విల్లుకు చెక్కలో 8 నుంచి 12 శాతం తేమ ఉండాలి. గాలిలో తేమ 50 శాతముంటే చెక్క తొమ్మిది దగ్గర నిలబడుతుంది, 30 శాతముంటే ఆరుకు దిగుతుంది. అనంతపురం వైపు మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి తేమ 30 కిందికే పోతుంది. అప్పుడు వంచిన బద్ద టప్పున విరిగితే అది చెక్క తప్పు కాదు. పచ్చి కర్ర తెస్తే రెండు కొనలకూ ఫెవికాల్ గానీ పెయింటు గానీ దట్టంగా పూసి, నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. లేకపోతే కొనల నుంచి పగుళ్లు పాకుతాయి. వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. బద్దను వంచి సరిచేసే పని మాత్రం సెప్టెంబరు, అక్టోబరులకు పెట్టుకోండి. ఇక్కడ వాన ఎక్కువగా పడేదీ, గాలిలో కాస్త చెమ్మ ఉండేదీ అప్పుడే. ఎండాకాలంలో తప్పనిసరైతే, మూసిన గదిలో నీళ్ల కుండల పక్కన కొన్ని రోజులు ఉంచి తీయండి.

ఆకారమంతా గొడ్డలి, బాడిస, చిత్రికలతో తెచ్చుకోవచ్చు. చివరి రెండు మిల్లీమీటర్లు మాత్రం ముతక ఆకురాయికీ, తర్వాత గాజుపెంకుకూ వదలాలి. పిడిని గోడకు కొట్టిన కొయ్య మీద నిలిపి, తాడుకు లగేజీ తూచే త్రాసు తగిలించి కిందికి లాగండి. గోడ మీద గీతలు గీసుకుంటే పిడికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ సమానంగా వంగుతున్నాయో లేదో దూరం నుంచి తెలిసిపోతుంది. ఎక్కడ వంగడం లేదో అక్కడే గీరాలి, ఎక్కువ వంగే చోటికి ఆకురాయి పోకూడదు. గీరిన ప్రతిసారీ ఇరవై ముప్పైసార్లు మెల్లగా లాగి వదలండి, చేసిన మార్పు బయటపడటానికి చెక్కకు ఆ మాత్రం పని కావాలి. అన్నిటికన్నా పెద్ద నియమం: అనుకున్న బరువు 30 అయితే త్రాసు ఎప్పుడూ 30 దాటకూడదు. పది అంగుళాలకే 30 వచ్చిందా, అక్కడే ఆగి గీరండి. ఎలా ఉందో చూద్దామని ఇంకొంచెం లాగితే పొట్ట వైపు పోగులు నలిగి, విల్లు శాశ్వతంగా వంగిపోతుంది.

అల్లెతాడుకు నైలాన్ పనికిరాదు, సాగుతుంది. డాక్రాన్ దారం బీ-50 రకంలో ఒక్క పోగే సుమారు 50 పౌండ్లు ఆపుతుంది. అయినా బాణం గాడిలో సరిగ్గా కూర్చోవడానికి 10 నుంచి 12 పోగులు పేనుతారు. ఎక్కుపెట్టినప్పుడు తాడుకూ పిడికీ మధ్య ఆరంగుళాలుండాలి.

ఇంత చేస్తే వచ్చే ఫలితం? 30 పౌండ్ల విల్లును పూర్తిగా లాగితే అందులో సుమారు 35 జౌళ్ల శక్తి దాగుతుంది. సగానికి కాస్త పైగా బాణానికి చేరుతుంది, మిగతాది రెక్కలను కదపడానికే ఖర్చు. ఆ లెక్కన ఇరవై గ్రాముల బాణం గంటకు 150 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, మంచి ఫాస్ట్ బౌలర్ బంతి వేగం అది. బాణం లేకుండా తాడు వదిలితే ఆ శక్తంతా విల్లే భరించాలి, చాలా విల్లులు అలాగే పగులుతాయి.

ఆ వేగం మనిషికి ప్రమాదమే. వెనక మట్టికట్ట లేనిచోట వేయకండి. జీవాల మీదికి అసలే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పైగా చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఏటా వచ్చి గూళ్లు కట్టే పెయింటెడ్ స్టార్క్ కొంగలను ఊరే కాపాడుకుంటోంది. వేట దృశ్యం చూడాలంటే పక్కనే లేపాక్షి ఉంది. వీరభద్రాలయం పైకప్పున పదహారో శతాబ్దపు చిత్రకారులు కిరాతార్జునీయం గీశారు. శివుడూ అర్జునుడూ ఒకే పంది కోసం పోట్లాడుకుంటారు. వాళ్ల విల్లు ఎన్ని పౌండ్లో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

పని అయ్యాక తాడు దించి, విల్లును నేల మీద పడుకోబెట్టి కొనలు ఎంత పైకి లేచాయో కొలవండి. అంగుళం లోపుంటే బాగా చేసినట్టే. రెండంగుళాలు దాటితే ఎక్కడో పల్చగా గీరారు, లేదా చెక్క సరిగా ఆరలేదు. ఆ విల్లుతో సాధన కానిస్తూనే రెండో బద్దకు కొనలు పూసి ఆరబెట్టండి.