విహారయాత్రకు కెమెరా తీసుకెళ్తున్నారా?



ఈ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులమందరం తలా కొంత వేసుకుని మన హాస్టల్‌కు ఒక డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొని ఇస్తున్నాం. ఈసారి విహారయాత్రకు అది మీ వెంట వస్తుంది. 1996లో రామోజీ ఫిలిం సిటీ, 2004లో స్నో వరల్డ్, 2016లో వండర్‌లా వచ్చాక హైదరాబాద్ యాత్ర అంటే చార్మినార్, జూపార్కులతో ఆగడం లేదు. ఇలాంటి పార్కుల్లో ఎండ, నీళ్ళు, చలి, తోపులాట అన్నీ ఒక్కరోజులోనే ఎదురవుతాయి. కెమెరాకు ఈ నాలుగూ పడవు. అందుకే ఈ నాలుగు మాటలు.

మేము చేసిన తప్పు

మేము పదో తరగతిలో ఉండగా ఇలాగే ఒక పార్కుకు వెళ్ళాం. అడిగి తెచ్చుకున్న చిన్న డిజిటల్ కెమెరా, అందులో ఒకే ఒక్క కార్డు. మధ్యాహ్నానికి కార్డు నిండిపోయింది. గాభరాలో మాలో ఒకరు ఫార్మాట్ నొక్కేశారు. పొద్దున గేటు దగ్గర తీసిన గ్రూప్ ఫోటోతో సహా అన్నీ పోయాయి. పోతేపోయాయిలే అనుకుని సాయంత్రం దాకా అదే కార్డు మీద మళ్ళీ తీశాం.

అసలు తప్పు అక్కడే జరిగిందని చాలా ఏళ్ళకు గాని మాకు తెలియలేదు. ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా ఫోటోల జాబితా మాత్రమే చెరిగిపోతుంది. ఫోటోలు కార్డులోనే ఉంటాయి. వాటి మీద కొత్తవి పడినప్పుడే పూర్తిగా పోతాయి. వెంటనే కార్డు తీసి జేబులో వేసుకుని ఉంటే, కంప్యూటర్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు దక్కేవి. తర్వాత మా మిత్రుడి అమ్మ వచ్చి, "పదో తరగతిలో మావాడి ఫోటో ఒక్కటైనా ఉందా నాయనా?" అని అడిగింది. లేదని చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో కెమెరా లేని మనలాంటి పిల్లలకు హాస్టల్ ఫోటోయే చిన్ననాటి ఫోటో. అందుకే కెమెరా కంటే కార్డు ముఖ్యమని ముందే చెబుతున్నాం.

బయలుదేరే ముందు

ముందురోజు రాత్రే వార్డెన్ సార్ గదిలో బ్యాటరీ చార్జింగ్ పెట్టండి. కార్డులు రెండు ఉండాలి. ఖాళీ కార్డును డబ్బాలో బొమ్మ పైకి ఉండేలా, నిండినదాన్ని బోర్లా పెట్టండి. అప్పుడు ఏది ఏదో తడుముకోనక్కర్లేదు. లెన్స్ ఒక్కటే చాలు, 18-55. దుమ్ములో, నీటి తుంపరల్లో లెన్స్ మార్చితే లోపలి సెన్సర్ పాడవుతుంది. బరువు తగ్గితే మీరూ హాయిగా తిరగొచ్చు.

రైడ్ల దగ్గర

కెమెరాతో రైడ్ ఎక్కవద్దు. 20 మీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు నేలకు చేరేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మీ భౌతికశాస్త్రం సూత్రంతో లెక్కేసి చూడండి. కింద ఉన్నవాడి తల ఏమవుతుంది?

ఇద్దరిద్దరు జట్టుగా ఉండండి. ఒకరు రైడ్ ఎక్కితే ఒకరు కింద నిలబడి ఫోటో తీయాలి. గంటకొకసారి కెమెరా చేతులు మారాలి. లేకపోతే కెమెరా పట్టుకున్నవాడు ఏ ఫోటోలోనూ ఉండడు. ఇద్దరూ ఎక్కాలనుకుంటే కెమెరాను సార్‌కు గాని, లాకర్‌లో గాని అప్పగించండి. స్ట్రాప్‌ను మెడకు కాకుండా భుజం మీదుగా అడ్డంగా వేసుకోండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, షటర్ 1/60 సెకను తెరిచి ఉంటే ఆలోపే 28 సెంటీమీటర్లు కదులుతుంది. ఫోటో అలికినట్టు వస్తుంది. అదే 1/1000లో రెండు సెంటీమీటర్లు కూడా కదలదు. డయల్‌ను ఎస్ లేదా టీవీ అనే గుర్తుకు తిప్పి 1/1000 పెట్టండి.

నీళ్ళ దగ్గర, మంచు గదిలో

అలల కొలను దగ్గరికి కెమెరా వద్దు, దూరం నుంచే తీయండి. తుంపర పడితే పొడి మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. చొక్కా అంచుతో రుద్దితే దుమ్ము గీతలు పడతాయి. పొరపాటున నీళ్ళలో పడితే వెంటనే ఆఫ్ చేసి బ్యాటరీ, కార్డు తీసేయండి. పనిచేస్తుందో లేదోనని ఆన్ చేసి చూడొద్దు. బియ్యంలో పెట్టవద్దు, పొట్టు లోపలికి పోతుంది. నేరుగా రిపేరు షాపుకు ఇవ్వండి. ఐపీ68 అని రాసి ఉన్న ఫోన్లను పరీక్షించేది మంచినీళ్ళలో, క్లోరిన్ కలిపిన కొలను నీళ్ళలో కాదు.

మంచు గది నుంచి బయటికి వస్తే, చల్లటి నీళ్ళు పోసిన స్టీలు గ్లాసుకు పట్టినట్టే కెమెరాకూ చెమట పడుతుంది. లోపల ఉండగానే దాన్ని పాలిథిన్ కవర్‌లో పెట్టి మూతి బిగించండి. బయటికొచ్చాక అరగంటైనా ఆగి, కెమెరా వెచ్చబడ్డాకే తీయండి. తేమ కవర్ మీదే ఉండిపోతుంది. చలికి బ్యాటరీ త్వరగా నీరసపడుతుంది కాబట్టి రెండోది జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి.

ఇంకో మాట. నీళ్ళలో తడిసి ఉన్నవాళ్ళను, మనకు తెలియని వాళ్ళను అడగకుండా ఫోటో తీయకండి.

హాస్టల్‌కు వచ్చాక

ఎంత అలసిపోయినా ఆ రాత్రే ఫోటోలను రెండుచోట్ల కాపీ చేసి, తెరిచి చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి. కెమెరాను ట్రంకు పెట్టెలో బట్టల మధ్య దాచవద్దు. తేమకు లెన్స్ బూజు పడుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టండి.

చివరగా, దిగగానే గేటు దగ్గర అందరూ నిలబడి మొదటి ఫోటో తీయండి. వంట అన్నను, వాచ్‌మన్ తాతను కూడా పిలవండి. తీసే పని గేటు దగ్గరున్న వారెవరికైనా అప్పగించి మీరంతా అందులో ఉండండి. వచ్చే సంచికలో ఆ ఫోటో చూడాలని మా కోరిక.

మీ పూర్వ విద్యార్థి అన్నలు