రెండొందల మైళ్లూ మనవేనా?

2021 ఏప్రిల్ 7న అమెరికా ఏడో నౌకాదళం ఒక ప్రకటన చేసింది. తమ యుద్ధనౌక జాన్ పాల్ జోన్స్ లక్షద్వీప్‌కు పడమరన 130 నాటికల్ మైళ్ల దూరంలో, భారత్ అనుమతి అడక్కుండానే తిరిగిందని, అది తమ హక్కని దాని సారాంశం. అడక్కుండా వెళ్లడం ఒక ఎత్తు, వెళ్లామని చాటుకోవడం మరో ఎత్తు. పర్షియన్ గల్ఫ్ నుంచి మలక్కా జలసంధి దాకా ఆ నౌకను గమనిస్తూనే ఉన్నామని, తమ అభ్యంతరం తెలియజేశామని ఢిల్లీ బదులిచ్చింది. ఆ వేడిలో పుట్టిన అపోహలు ఇంకా చల్లారలేదు.

అపోహ: ఆ నౌక మన సరిహద్దు దాటి చొరబడింది.

వాస్తవం: దాటలేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకే ప్రాదేశిక జలాలు. సార్వభౌమాధికారం అంతవరకే. ఆపైన 200 మైళ్ల దాకా ఉన్నది ప్రత్యేక ఆర్థిక మండలం. అక్కడి చేపలు మనవి, అడుగున ఉన్న చమురు, ఖనిజాలు మనవి. ఓడల రాకపోకలకు మాత్రం అందరికీ స్వేచ్ఛ ఉంది. చెరువులో చేపల పాట దక్కించుకున్నవాడు గట్టు మీద నడిచేవాళ్లను ఆపలేడు కదా!

అలాగని అమెరికా చెప్పిందే చట్టం అనుకోనక్కర్లేదు. అసలు తగువు ప్రయాణం గురించి కాదు. ఆర్థిక మండలంలో పరాయి సైన్యాలు విన్యాసాలు చేయాలంటే తీరదేశం ఒప్పుకోవాలన్నది 1995లో ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒడంబడికను ధ్రువీకరించేటప్పుడే భారత్ చెప్పిన మాట. అలాంటి షరతు అందులో లేదంటుంది అమెరికా. ఒడంబడిక ఈ సంగతి సూటిగా తేల్చలేదు కాబట్టి ఎవరి వ్యాఖ్యానం వారిది. పైగా ఇంత చట్టం చెప్పే అమెరికా 1982 నాటి ఆ ఒడంబడికను ఇప్పటికీ ధ్రువీకరించనేలేదు!

అపోహ: ఇలాంటి చర్యలు శత్రుదేశాల మీదే.

వాస్తవం: 1979 నుంచి అమెరికా నడుపుతున్న ఈ నౌకాయాన స్వేచ్ఛ కార్యక్రమం నివేదికల్లో చైనా, ఇరాన్‌లతో పాటు ఫిలిప్పీన్స్, తైవాన్ పేర్లూ కనిపిస్తాయి. భారత్ పేరైతే పాత కాపే.

అపోహ: దక్షిణ చైనా సముద్రంలోని దీవులు ఫిలిప్పీన్స్‌వేనని 2016లో తీర్పు వచ్చింది.

వాస్తవం: ఏ దీవి ఎవరిదన్న ప్రశ్న జోలికే ఆ తీర్పిచ్చిన మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ వెళ్లలేదు. ఆ సముద్రం పటంపై తాను గీసుకున్న తొమ్మిది గీతల లోపలి వనరులపై చైనా చెప్పుకునే చారిత్రక హక్కులకు చట్టబద్ధత లేదంది. మిస్చీఫ్ రీఫ్ పోటు వేళ మునిగిపోయే దిబ్బ కాబట్టి, ఇసుక పోసి ఎంత మెరక చేసినా దానికి ప్రాదేశిక జలాలు రావంది. చైనా ఆ తీర్పును తోసిపుచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2014లో, బంగాళాఖాతంలో వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కేలా మరో మధ్యవర్తిత్వ తీర్పు వస్తే భారత్ దాన్ని ఒప్పుకుంది. ఈ సంగతికి మన దగ్గర రావాల్సినంత పేరు రాలేదు.

అపోహ: సముద్ర సరిహద్దు గీత దాటిన జాలరికి జైలు తప్పదు, చట్టమే అంత.

వాస్తవం: 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులను పాకిస్థాన్ పట్టుకుంది. వాఘా దగ్గర మనకు అప్పగించేసరికి 2020 జనవరి వచ్చింది. ‘తండేల్’ సినిమా చూసినవారికి ఈ కథ తెలుసు. చాలామందికి తెలియనిది ఒడంబడికలోని 73వ అధికరణం. ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధనలు మీరినంత మాత్రాన, సంబంధిత దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలుశిక్ష వేయకూడదు. పూచీకత్తు తీసుకుని పడవనూ మనుషులనూ త్వరగా వదిలేయాలి. 12 మైళ్ల లోపలైతే ఈ రక్షణ వర్తించదు. అయితే గుజరాత్, పాకిస్థాన్ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ వివాదం తేలక ఆ దిక్కున గీత ఎక్కడుందో రెండు ప్రభుత్వాల మధ్యే ఇంకా కుదరలేదు.

భారత్ 1995లో, పాకిస్థాన్ 1997లో ఈ ఒడంబడికను ధ్రువీకరించాయి. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ మార్చుకునే ఖైదీల జాబితాల్లో మత్స్యకారుల పేర్లు మాత్రం ఉంటూనే ఉన్నాయి.