తాళం తప్పిందెవరు?

మా అమ్మాయి కూచిపూడిలో చేరి అయిదేళ్లయింది. మొదట్లో క్లాసయ్యేదాకా బయట మెట్ల మీదే కూర్చునేదాన్ని. పిల్ల అడుగులు నేర్చుకునేది. నేనేమో, మాస్టారు గొంతు పెంచకుండా పాతికమందిని ఎలా నడిపిస్తున్నారా అని చూసేదాన్ని. చూడటం వేరు, అది బుర్రకెక్కడం వేరు. నాకు ఎక్కింది రెండేళ్ల కిందట, వార్షికోత్సవం తర్వాత.

ఆ ఏడు కృష్ణలీలల మీద నృత్యరూపకం వేయించారు. బ్యాలే అంటే రష్యా వాళ్లదే కానక్కర్లేదు, మన ఆహ్వానపత్రాల్లో నృత్యనాటకాన్ని ‘బ్యాలే’ అని వేసుకోవడం ఎప్పట్నుంచో ఉంది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాలు చూసిన మా అమ్మ ఈనాటికీ ‘చినసత్యం గారి బ్యాలే’ అనే అంటుంది. మా పిల్లలది అంత పెద్దదేం కాదనుకోండి. పన్నెండుమంది గోపికలు, ఒక కృష్ణుడు, ముప్పావుగంట.

రికార్డింగ్ పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా అని తల్లులం అడిగాం. మాస్టారు ఒప్పుకోలేదు. “రికార్డు పిల్లల కోసం ఆగదమ్మా” అన్నారు. సణుక్కుంటూనే వాయిద్యాలవాళ్ల కోసం తలా కొంత వేసుకున్నాం.

ఆ మాటకర్థం స్టేజి మీద తెలిసింది. గోపికల జతికి ముగింపు మూడుసార్లు రావాలి. మూడూ అయ్యాక సమం మీద అందరూ ఒక్కసారి అడుగువేసి నిలబడాలి. మా అమ్మాయి రెండింటికే అయిపోయిందనుకుని నిలబడిపోయింది. దాన్ని చూసి పక్కపిల్ల ఆగింది. ఆ పక్కది అయోమయంగా ఇటు తిరిగింది. ముందు వరుసలో ఉన్న నాకు గుండె జారిపోయింది. స్టేజి పక్కన నట్టువాంగం చేస్తున్న మాస్టారి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. చేతిలో తాళాలు ఆగలేదు, వేగం పెరగలేదు. మృదంగం ఆయన ఒక్క చూపు చూశారంతే. అదే జతిని మాస్టారు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. పిల్లలు ఒక్కొక్కళ్లే అందుకుని, మూడు ముగింపులూ పూర్తిచేసి సరిగ్గా సమానికి వచ్చారు. హాల్లో చప్పట్లు! “ఆ జతి రెండుసార్లు వేయించారు, ఎంత బావుందో!” అంది నా పక్కావిడ.

ఆయన్ని చూస్తే భామాకలాపంలో సూత్రధారుడు గుర్తొచ్చాడు. తాళం పట్టి పాడేదీ అతనే, మాధవి అయి సత్యభామతో మాట కలిపేదీ అతనే. ఆటని నడిపేవాడు ఆట మధ్యలోనే ఉంటాడు.

మరి నేనేం చేశాను? మేకప్ రూములో జడ విప్పుతూ, “అందరి ముందూ పరువు తీశావు. ఇన్నాళ్లు నేర్చుకుంది ఇదేనా?” అన్నాను. పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. కాటుక మాత్రం చెంపల మీదకి జారింది. మర్నాటినుంచి క్లాసుకి రానంది. మూడు వారాలు గజ్జెలు మేకుకి వేలాడాయి. ఒక్క కథ రాయడానికి నేనెన్ని కాగితాలు చింపుతానో మా ఇంట్లో చెత్తబుట్టకి తెలుసు. నా తప్పులెవరికీ కనబడవు. స్టేజి మీద పిల్లకి చింపే వీల్లేదన్న ఆలోచన ఆ రాత్రి నాకెందుకు రాలేదో!

చివరికి మాస్టారే కబురు చేశారు. బతిమాలి తీసుకెళ్లాను. ఎందుకు రాలేదని ఆయన అడగలేదు. పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, “ఆ రోజు మొదటి తప్పు నాది. రిహార్సల్‌లో కంటే కాలం కాస్త పెంచేశాను. ఇప్పుడు మీవి చెప్పండి” అన్నారు. ఒకరి తర్వాత ఒకరు చెయ్యెత్తారు. పావడా అంచు తొక్కి తూలిన పిల్ల, నవ్వొస్తుందని కృష్ణుడి వైపే చూడని పిల్ల... ఆఖర్న మా అమ్మాయి లేచి, “లెక్క మర్చిపోయా మాస్టారూ” అంది.

“ఎక్కడ పోయిందో వెతుకుదాం రా” అని, ఆడించకుండా కూర్చోబెట్టి, చేత్తో తాళం వేయిస్తూ జతి చెప్పించారు. మొదటి కాలం, రెండో కాలం, ఆ తర్వాత మూడోది. అప్పుడు దొరికింది. కాళ్లలో తప్పేం లేదు. రెండో ముగింపు దగ్గర ఊపిరి తీసుకుంటూ లెక్క వదిలేస్తోంది. నేనెంత అరిస్తే ఇది బయటపడేది? ఆ నెలంతా చిన్నపిల్లలకి ఆ జతి నేర్పే పని దానికే అప్పజెప్పారు.

అందరు గురువులూ ఇలా ఉండరు. కర్ర మోగకపోతే విద్య రాదనేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర నేర్చుకుని గొప్పగా ఆడినవాళ్లూ ఉన్నారు. కాదనను. మధ్యలో గజ్జెలు విప్పేసిన పిల్లల లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

మొన్నటి వార్షికోత్సవానికి ముందు, “ఈసారి బాగా చేస్తుందా మాస్టారూ?” అని ఉండబట్టలేక అడిగాను.

“చేస్తుందమ్మా. మీరు మాత్రం ముందు వరుసలో కూర్చోకండి” అన్నారు నవ్వుతూ.

ఎనిమిదో వరుసలో కూర్చున్నాను. అక్కణ్నుంచి కాళ్లు సరిగా కనబడలేదు.